పన్నెండు లొట్ల సున్నం

ఇంటి అడుగున తవ్విన ఆ నేలకొట్టు తలుపు తెరవగానే మా బాపు వచ్చి ఎదురుగా నిలబడ్డట్టయింది. భుజాన చెట్టెక్కే మోకు, నడుముకు కత్తులు పెట్టుకునే ముస్తాదు, ఒంటి నిండా ఆ వాసన. తియ్యగా మొదలై ముక్కు లోపలికి పోయాక పుల్లగా తిరిగే వాసన. నేనున్నదేమో ఇటలీ దేశంలో, గుట్ట మీది ఒక పల్లెటూళ్ళో. ఆ ఊరి పేరు నా నోరు తిరగదు. అక్కడ తొట్లలో పులుస్తున్నది ద్రాక్షపండ్ల రసం. అయినా ఆ వాసన, ఇంటిదారి తెలిసిన ఎద్దులాగా, అటూ ఇటూ చూడకుండా నన్ను మా ఊరి తాటివనంలోకి లాక్కుపోయింది.

నేను ఇటలీకి పోవడమేమిటని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పంపులు బాగుచేసే షెడ్డులో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసినవాణ్ణి. బడిలో మూడో తరగతి దాటలేదు. మిగతా చదువంతా లేబర్ క్యాంపులోనే. ఊరి నుంచి వచ్చే పచ్చడి సీసాలకు చుట్టిన పేపరు ముక్కలతో మొదలుపెట్టి, వాళ్ళనూ వీళ్ళనూ అడిగి తెచ్చుకున్న పుస్తకాలతో సాగించాను. నా పని ఖలాస్ అయి ఊరికి తిరిగి పోదామనుకునే వేళకు నా బిడ్డకు దుబాయ్‌లో ఆఫీసు ఉద్యోగం వచ్చింది. షార్జాలోనే ఇల్లు తీసుకొని నన్ను తన వీసా మీద ఉంచుకుంది. మనవరాలిని బడి బస్సు ఎక్కించడం, దించుకోవడం ఇప్పుడు నా డ్యూటీ. కరోనా వచ్చి తలుపులు మూసుకున్న రోజుల్లో ఆ పిల్ల నా దగ్గరే తెలుగు అక్షరాలు దిద్దింది.

మొన్న బడికి వారం సెలవులిచ్చారు. అల్లుడికి లీవు దొరకలేదు. "నాన్నా, మీరు రండి తోడు" అని బిడ్డ నన్ను తీసుకుపోయింది.

ఆ పల్లెలో మొదటి రోజంతా నా చెవులు జనరేటరు కోసం వెతికాయి. ఏ మోతా లేదు. ఒకటే వీధి, ఒకటే దుకాణం, గంటగంటకూ చర్చి గంట. బెంచీ మీద నలుగురు ముసలివాళ్ళు ఏమీ మాట్లాడుకోకుండా కూర్చుని ఉంటారు. గుట్ట వాలంతా ద్రాక్షతోటలు. చివరి కోత నడుస్తోంది. పండ్లు నింపుకొని ట్రాక్టరు పోతుంటే దాని వెంట కందిరీగలు.

మేం దిగిన ఇంటాయన నా ఈడువాడే. తోట ఆయనదే. నడుము వంగింది కానీ నోరు వంగలేదు. ఆయన తన భాషలో ఫోనుకు చెబితే ఫోను ఇంగ్లీషులో పలుకుతుంది, మనవరాలు నాకు తెలుగులో చెబుతుంది. ఫోను ఆలస్యం చేస్తే చెవిటివాడి మీద అరిచినట్టు దాని మీద అరుస్తాడు. అట్లా అరుస్తూనే ఆ నేలకొట్టు తలుపు తీశాడు. అప్పుడే పిండిన రసం గ్లాసులో పట్టి మనవరాలికీ, తొట్టిలో పులిసింది నా బిడ్డకూ ఇచ్చాడు.

"తాతా, తియ్యగుంది! మరి మమ్మీకిచ్చింది ఎందుకు పుల్లగుంది?"

దానికి జవాబు నాకు బాగా తెలుసు. నోటి దాకా వచ్చింది కూడా. అంతలో ఆ ముసలాయన నా అరచేతులు చూసి ఫోనుతో ఏదో అన్నాడు. మనవరాలు నన్ను అడగను కూడా అడగకుండా, మెడ నిలబెట్టి, గర్వంగా ఇంగ్లీషులో జవాబిచ్చేసింది.

"ఏమన్నాడే?"

"మీ నాన్న ఏం పండించేవాడని అడిగాడు తాతా. వరి అని చెప్పాను. రైస్ ఫార్మర్ అన్నాను."

నా బిడ్డ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. ఆ అబద్ధం నేను నేర్పిందే.

కోపంగానే చెబుతున్నాను, వినండి. మాది తాళ్ళు గీసే ఇల్లు. మా బాపు, ఆయన తండ్రి, ఆయన తండ్రి, అందరూ తాటిచెట్టెక్కి కల్లు దించినవాళ్ళు. క్యాంపులో మొదటి రోజు ఎవడో "మీదేం పని?" అంటే "వ్యవసాయం" అన్నాను. పక్క మంచం మీద ఒకడు తాగి పడిపోయి ఉన్నాడు, అందరూ వాణ్ణి తిడుతున్నారు. ఆ తిట్లు నా మీదికి వస్తాయని భయపడ్డాను. ఒకసారి చెప్పిన అబద్ధం ముప్పై ఏళ్ళు నిలబడింది. నా బిడ్డా అదే పట్టుకుంది. దుబాయ్‌లో వాళ్ళ స్నేహితుల ఇళ్ళల్లో విందులకు పోతే గ్లాసు తిప్పి, వాసన చూసి, కళ్ళు మూసుకొని, ఇందులో చెర్రీ ఉంది, ఓక్ చెక్క ఉంది అంటారు. అదే నోటితో "కల్లు బ్యాచ్" అని నవ్వుతారు. చెక్క తొట్టిలో పులిస్తే సంస్కారం, మట్టి లొట్టిలో పులిస్తే మోటుతనమా? ఈ లెక్క ఎవడు వేశాడు? ఈ సంగతి వాళ్ళ మొఖాన అడగాలని ఎన్నిసార్లు అనుకున్నానో. వ్యవసాయం చేసినవాడి కొడుకు అడిగే మాట కాదు గదా, నోరు మూసుకున్నాను.

అయితే నా గొంతులో ఇరుక్కున్నది ఆ ఒక్క అబద్ధమే కాదు. దానికంటే పాతది ఇంకొకటి ఉంది. ఆ వాసన తవ్వి తీసింది దాన్ని.

నాకప్పుడు తొమ్మిదో పదో ఏళ్ళు. ఎండలు ముదిరే కాలం. తెల్లవారుతుంటే బాపు వాకిట్లో కూర్చుని కత్తి నూరే చప్పుడుకు మెలకువ వచ్చేది. చెక్క మీద తెల్ల పలుగురాయి పొడి చల్లి, కత్తిని పడుకోబెట్టి, ఒకే తీరుగా ముందుకూ వెనక్కూ. పదును చూడడానికి ముంజేతి మీద ఆనిస్తే వెంట్రుకలు రాలేవి. బాపు ముంజేయి ఎప్పుడూ నున్నగానే ఉండేది. గీసేవాళ్ళ దేవుడు కాటమయ్యకు దండం పెట్టుకోనిదే ఏ చెట్టుకూ మోకు వేసేవాడు కాదు. మమ్మల్ని కన్న అవ్వ జొన్నగటక వండి, కల్లుకు వచ్చేవాళ్ళ కోసం శనగ గుడాలు ఉడకబెట్టేది. ఆ గుడాల్లో పడే ఎల్లిపాయ కారం వాసన వీధి మలుపు దాకా పోయేది. నేను గుప్పెడు ఎత్తుకొని పరుగెత్తితే, "నీ కడుపు కాలా, తాగెటోళ్ళకు ఏం వెడుదురా!" అని వెనకనుంచి అరిచేది.

తాటివనం ఊరి పటేలుది. గీసేది బాపు. ఆ వారం పటేలు బిడ్డకు పెండ్లి ఖాయం చేసుకోవడానికి పిల్లగాడి తరఫువాళ్ళు వస్తున్నారు. పటేలు స్వయంగా మా వాకిట్లోకి వచ్చి చెప్పాడు.

"అరేయ్, కల్లు నిప్పులెక్క ఉండాలె. వచ్చెటోళ్ళు పెద్దోళ్ళు. ఏమన్న తేడా వచ్చిందా, వచ్చే యేడు వనం నీది గాదు."

"తేడా ఎందుకస్తది పటేలా, నా చేతుల మీద దించుత" అన్నాడు బాపు.

మా చెల్లె అప్పుడే జ్వరం పడి లేచింది. ఏదీ తినదు. తియ్యటి కల్లు మాత్రం అడుగుతుంది. లొట్టి లోపల సున్నం పూసి చెట్టుకు కడితే దాంట్లో కారిన రసం పులవదు, తేనెలాగా ఉంటుంది. పొద్దుగూకే ముందు బాపు లొట్లు కడిగి బోర్లించి, నన్ను పిలిచి, "ఈ ఒక్కదానికి సున్నం పుయ్యి బిడ్డా, చెల్లెకు తియ్యటిది దించుత" అని ఒక లొట్టి నా చేతికిచ్చి కత్తి సర్దుకోవడానికి లోపలికి పోయాడు.

అక్కడే నా బుద్ధి వంకర తిరిగింది. నా దోస్తులు నలుగురికి తియ్యటి కల్లు తాపిస్తానని ఎన్నాళ్ళ నుంచో ఆశపెట్టి ఉన్నాను. ఒక్క లొట్టిలో చెల్లె తాగగా మాకేం మిగులుతుంది? పోనీ ఇంకోదానికి పూద్దామంటే ఏది ఎటు పోతుందో నాకు తెలియదు. అన్నింటికీ పూస్తే ఏదో ఒకటి మా చేతికి చిక్కుతుంది గదా అనుకున్నాను. పెద్దవాళ్ళు కూడా, ఎంత తియ్యగున్నదిరా ఈసారి, అని మెచ్చుకుంటారనుకున్నాను. పన్నెండు లొట్లకూ లోపల పలచగా పూసి మళ్ళీ బోర్లించాను. చీకటి పడే వేళకు బాపు వాటిని చేతి తడుముడు మీదనే కట్టేశాడు.

తెల్లవారి బాపు చెట్టు మీదున్నాడు. లొట్ల చుట్టూ తేనెటీగలు కమ్ముకున్నాయి.

"ఏందిరో, ఇయ్యాల ఈగలు గింతగనం?" అని పైనుంచి అరిచాడు.

తాడుతో దించిన లొట్టి దించినట్టే పటేలు మనుషులు తాటాకు కప్పి కావడిలో పెట్టుకొని పోయారు. బాపు చివరి చెట్టు దిగేసరికి చెల్లె లొట్టి తప్ప కింద ఇంకేం మిగల్లేదు. నా దోస్తులు తుమ్మచెట్టు చాటున నోళ్ళు తెరుచుకొని నిలబడ్డారు. అంతే.

పటేలు వాకిలి నాకిప్పటికీ కళ్ళకు కడుతుంది. పందిరి కింద పిల్లగాడి తరఫు పెద్దలు కల్లు తాగే తాటాకు రేకలు చేతబట్టి కూర్చున్నారు. ఒక రేక, రెండు రేకలు, మూడు. ఎవరి కళ్ళూ ఎర్రబడలేదు. ఎవరి మాటా తడబడలేదు. బడిలో పంతులు ముందు కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్నారు.

పిల్లగాడి మేనమామ మీసం తుడుచుకొని, "ఏం బావా, గిది కల్లా పానకమా? నాలుగు రేకలు తాగిన, నా పెండ్లాము ఇంకా ఒక్కతే కనవడుతున్నది!" అన్నాడు.

పందిరంతా గొల్లుమంది. పటేలు మొఖం నల్లబడింది.

"ఏమిరా, నీళ్ళు గలిపినవా?"

కల్లు గీసేవాణ్ణి అనే మాటల్లో అంతకు మించిన తిట్టు లేదు. బాపు లొట్టి ఎత్తి, లోపల వేలు పెట్టి రుద్ది, వాసన చూశాడు. ఇంకొకటి చూశాడు. మూడోది చూశాడు.

"నీళ్ళు గలుపలేదు పటేలా. సున్నం వడ్డది. అన్నిట్ల వడ్డది."

"ఎవ్వడు పూసిండు?"

నేను దర్వాజా పక్కన నిలబడి కుడిచేయి చంకలో దాచుకున్నాను. బాపు నా వైపు చూశాడో, నా వెనక గోడ వైపు చూశాడో ఇప్పటికీ చెప్పలేను.

"నేనే. పిల్లకు జరమొచ్చిన రందిల, చెయ్యి ఏం జేస్తున్నదో సోయి లేకుంట వాయె."

"అయితే వనం ఇడిషిపెట్టు. ఇయ్యాల్టితోని ఖతం."

బాపు తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. మా ఇంటి అన్నం ఆ తలపాగాలో ఉన్నట్టనిపించింది నాకు. నేను చేశానని అరవాలి. చంకలోని చేతిని ఇంకా లోపలికి నొక్కుకున్నాను.

అప్పుడు లోపలి గడప మీద కూర్చున్న పటేలు తల్లి, పండ్లన్నీ పోయిన ముసలమ్మ, చెయ్యి చాచింది. "ఒక్క రేక గిటు దేరా."

తాగింది. ఇంకోటి పట్టుకు రమ్మంది. అదీ తాగింది.

"ఇంత తియ్యటి నీళ్ళు చెట్టు మీద ఉంటయని మా ఆడోళ్ళకు ఒక్కడన్న చెప్పిండారా? ఇన్నేండ్ల సంది మీరు తాగి ఒర్రుడే గని! ఓ పోరీ, కోడల్లను అందర్నీ పిలువు!"

ఆడవాళ్ళంతా వచ్చారు. గిన్నెలు, చెంబులు, పాలు పోసే గ్లాసులు. పెండ్లికూతురు కూడా తలుపు చాటున రెండు రేకలు తాగింది. మేనమామ పెండ్లాము చెంబెత్తి తాగి, "ఇగో, నాకు మొగడు కూడ ఒక్కడే కనవడుతుండు, ఏం జేద్దాం మరి!" అంది. ఈసారి నవ్వు లోపలినుంచి వచ్చింది. ముసలమ్మ మూతి తుడుచుకొని కొడుకు వైపు తిరిగింది.

"వనం గాయనకే ఉంచు. యేడాదికొక్కనాడు మా ఆడోళ్ళకు గిట్ల తెమ్మను."

తల్లి మాట పటేలు కాదనలేకపోయాడు. వనం నిలిచింది. కానీ బాపు పేరు నిలవలేదు. ఆ రోజు నుంచి ఊరందరికీ ఆయన 'సున్నపు గౌడు'. పెండ్లిలోనైనా, చావులోనైనా, ఆయన లొట్టి దించితే ఎవడో ఒకడు, "సున్నం గిట్ల వడ్డదా?" అనేవాడు. బాపు నవ్వి ఊరుకునేవాడు.

ఆ రోజు ఇంటికి వచ్చాక బాపు నన్ను ఒకటే మాట అడిగాడు.

"నువ్వు ఒక్కదానికే పూసినవా బిడ్డా?"

"ఒక్కదానికే. కాటమయ్య మీదొట్టు."

ఆయన కొంచెంసేపు నా మొఖం చూశాడు. "సరే తియ్యి. గట్లయితే నా చెయ్యే తప్పింది" అన్నాడు.

మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కానీ అప్పటినుంచీ ప్రతి లొట్టినీ వెలుతురుకు పట్టి, లోపల చూసి, ఇంకోసారి చూసి కట్టేవాడు. అది చూసినప్పుడల్లా నేను అక్కణ్ణుంచి తప్పుకునేవాణ్ణి. అంత ఎత్తున చెయ్యి మీద, కాలి మీద నమ్మకంతో బతికే మనిషి. తన చెయ్యి తప్పిందనే అనుమానం ఆయన లోపల వేసింది నేను. ఇంకా పెద్దయ్యాక చెబుదామనుకున్నాను. పెద్దయ్యాక షార్జా వచ్చాను. సెలవులో పోయినప్పుడు చెబుదామనుకున్నాను. ఒక సెలవుకూ ఇంకో సెలవుకూ మధ్య ఆయన పోయాడు. నేను చేరేసరికి మూడో దినం కూడా దాటిపోయింది.

ఇదీ ఆ నేలకొట్టు ముందు నిలబడి నేను నేల చూపులు చూసిన కథ. పటేలు వాకిట్లో ఎట్లా నిలబడ్డానో ఇక్కడా అట్లాగే నిలబడ్డాను. ఈసారి కూడా నోరు విప్పకపోతే, నా మనవరాలు ఆ వరి కథనే తన పిల్లలకూ చెబుతుంది. మా బాపు పని ఈ లోకంలో జరగనట్టే అయిపోతుంది.

ఆఖరి రోజు పొద్దున ఆ ఇంటాయన గుమ్మం ముందు కూర్చుని పండ్ల గెలలు కోసే వంకర కత్తిని సానరాయి మీద రుద్దుతూ దాన్ని తిడుతున్నాడు. తిట్టు ఏ భాషలోనైనా తెలుస్తుంది. రెండు రోజులుగా ఆయన తప్పుగా నూరడం చూసి నా చేతులు దురదపెడుతున్నాయి. ఇక ఉండలేకపోయాను. తోట బాటలో తెల్ల పలుగురాళ్ళున్నాయి. ఒకటి తెచ్చి, నలగ్గొట్టి, పొడి చేసి, చెక్క మీద చల్లాను. కత్తి ఆయన చేతిలోంచి తీసుకొని పడుకోబెట్టి, ముందుకూ వెనక్కూ. పంపుల షెడ్డులో బ్లేడ్లన్నీ నేనే నూరేవాణ్ణి కానీ ఇట్లా నూరి చాలా ఏళ్ళయింది. చప్పుడు మాత్రం అదే. ముంజేతి మీద ఆనిస్తే తెల్లవెంట్రుకలు రాలాయి.

ముసలాయన కత్తి చూశాడు, నన్ను చూశాడు, ఫోను మీద అరిచాడు.

"ఇది ఎవరు నేర్పారని అడుగుతున్నాడు తాతా."

"మా బాపు."

"వరి కోయడానికా?"

నా బిడ్డ గడపలో కాఫీ కప్పుతో నిలబడి ఉంది. నేను బిడ్డ వైపు చూడలేదు. చూస్తే ఆగిపోతాను.

"కాదమ్మా. మా బాపు తాటిచెట్టెక్కి కల్లు గీసేవాడు. ఈయన ద్రాక్షతో చేసేదే, ఆయన చెట్టు మీద చేసేవాడు. వరి అని నేను అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

"సిగ్గుపడి. ఎందుకు పడ్డానో నాకే సిగ్గుగా ఉంది ఇప్పుడు."

వెనకనుంచి బిడ్డ గొంతు. నేననుకున్న మాట కాదు. "మొత్తం చెప్పండి నాన్నా. దానికే కాదు, నాకూ మీరు సరిగా ఎప్పుడూ చెప్పలేదు."

చెప్పాను. మోకు సంగతి, ముస్తాదు సంగతి, రోజుకు మూడుసార్లు ఎక్కడం. ఫోను అంతా మోసుకుపోయింది. ముసలాయన లేచి చర్చి గంట గోపురం వైపు చెయ్యి చూపించి, అంత ఎత్తా అన్నాడు. దానికి కొంచెం తక్కువ అన్నాను. ఆయన తన ద్రాక్షతీగ వైపు చూపించి, తన నడుము దగ్గర చెయ్యి పెట్టి ఏదో అని పెద్దగా నవ్వాడు.

"మా తీగ ఇంతే, దీనికే నా నడుము పోయింది, మీ నాన్నకు ఏం పెట్టేవాళ్ళు తినడానికి అంటున్నాడు."

"జొన్నగటక అని చెప్పు."

ఫోను జొన్నగటక దగ్గర చేతులెత్తేసింది. ఆయన లోపలికి పోయి తన రసం గ్లాసులో పోసుకొచ్చాడు. తాగాను. పుల్లగా ఉంది. మా బాపుది ఇంతకంటే బాగుండేదని చెప్పాను. మనవరాలు మొహమాటం లేకుండా అది కూడా చెప్పేసింది. ఆయన ఛాతీ మీద చెయ్యి వేసుకొని గాయపడ్డట్టు నటించి, నాకు ఇంకో గ్లాసు పోశాడు.

విమానంలో సున్నం కథ కూడా చెప్పాను. మనవరాలు నవ్వి నవ్వి, ఒక్కసారి ఆగిపోయింది.

"అయితే ముత్తాత తన హ్యాండ్ మిస్టేక్ అనుకునే చనిపోయాడా?"

షార్జాకు వచ్చిన మరునాడే మనవరాలు ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. "మీ చెల్లెలికి చెప్పు. సున్నం ఆమె కోసమే కదా." మా చెల్లె ఇంకా ఆ ఊళ్ళోనే ఉంది. వీడియోలో ముందు దాని చెవి కనిపించింది, తర్వాత ఇంటి కప్పు, తర్వాత సగం మొఖం.

"ఏందన్నా, పొద్దుపొద్దున? అందరు మంచిగున్నరా?"

"మంచిగున్నం. చెల్లే, ఒక మాట. పటేలు ఇంటికి పోయిన లొట్లల్ల సున్నం బాపు పూయలేదు. నేను పూసిన. పన్నెండింటికీ నేనే పూసిన."

వీడియోలో మళ్ళీ ఇంటి కప్పు కనిపించింది. లైను పోయిందనుకున్నాను. తర్వాత మా చెల్లె నవ్వడం మొదలుపెట్టింది. పండ్లు రాలిన నోరంతా తెరిచి, కళ్ళ నీళ్ళు కారేలా, ఫోను వణికేలా నవ్వింది.

"ఎందుకే నవ్వుతవ్?"

"బాపు నవ్వుమన్నడు! మంచంల వడ్డప్పుడు చెప్పిండు నాకు. 'సున్నం పూసింది వాడే. ఆ పొద్దు దర్వాజ కాడ చెయ్యి చంకల వెట్టుకొని నిలవడ్డడు, నేను జూడలేదా? ఒక్కపారి అడిగితే ఒట్టు వెట్టిండు, ఇగ నేను అడుగ. వానంతట వాడు చెప్పాలె. ఎన్నడన్న చెప్తడు. చెప్పిన్నాడు కోపం జెయ్యకు బిడ్డా, నవ్వు' అన్నడు. నేను ఎదురుజూస్తనే ఉన్నన్నా, ఇన్నేండ్ల సంది!"

"మరి లొట్టి వెలుతురుకు పట్టి చూసేటోడు గదా రోజూ?"

"నువ్వు మళ్ళ పూసినవేమోనని!"

మనవరాలు నా భుజం మీద పడి నవ్వుతోంది. వంటింట్లోంచి బిడ్డ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కింద రోడ్డు పొడవునా ఖర్జూరపు చెట్లు వరుసగా నిలబడి ఉన్నాయి. ఆ ఎత్తుకు మా బాపు రెండు అంగల్లో పోయేవాడు. ఆయన చెయ్యి ఏనాడూ తప్పలేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు.